బత్తెం, బస, భత్యం: చిత్తూరు సర్క్యూట్ కోర్టు నుండి తిరుమల అతిథిగృహాల వరకు న్యాయమూర్తుల విడిది చరిత్ర

వ్యాససంగ్రహం: ఇల్లు విడిచి దూరప్రాంతంలో విధులు నిర్వర్తించే న్యాయమూర్తి ఎక్కడ దిగాలి, ఎవరి అన్నం తినాలి అన్న ప్రశ్నకు రాజ్యం వెదుక్కున్న సమాధానమే భత్యం. 1802 నాటి శాసనాలతో చిత్తూరులో ఏర్పడిన ప్రొవిన్షియల్ కోర్టును ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్న రూపం మారుతూ వచ్చిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. న్యాయమూర్తి భత్యాన్ని అతని సౌకర్యంగా కాక, అతన్ని స్థానిక ఆతిథ్యం నుండి విడదీసే ఏర్పాటుగా చూడాలన్నది వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: బత్తెం, సర్క్యూట్ కోర్టు, చిత్తూరు, సరబరా, తిరుమల, న్యాయస్వాతంత్ర్యం.

మాట వెనుక మెతుకు

ప్రభుత్వ ఉత్తర్వులలో నేడు విరివిగా కనిపించే ‘భత్యం’ అన్న మాట చూడడానికి సంస్కృతంలా ఉంటుంది. కాని ప్రయాణభత్యం, కరువుభత్యం వంటి సమాసాలలో స్థిరపడిన ఈ రూపం, జనవ్యవహారంలోని ‘బత్తెము’కు పండితులు తొడిగిన సంస్కృత వేషమని నా అభిప్రాయం. వండిన అన్నానికి సంస్కృతంలో ‘భక్తము’ అని పేరు. అదే ప్రాకృతంలో ‘భత్త’ అయింది. కన్నడంలో ‘భత్త’ అంటే వడ్లు. తెలుగులో ‘బత్తెము’ అంటే ప్రయాణంలో ఉన్నవానికి, కొలువు మీద పొరుగూరు వెళ్ళినవానికి రోజుకింతని ఇచ్చే తిండిఖర్చు. బ్రౌన్ నిఘంటువులోనూ ఈ మాట పోషణకిచ్చే సొమ్ము అన్న అర్థంలోనే ఉంది. పోర్చుగీసుల మీదుగా ఆంగ్లేయుల వ్యవహారంలోకి వెళ్ళిన ‘బత్తా’ కూడా ఈ కుదురులోనిదే. కంపెనీ సైన్యంలో ఈ మాటకు ఎంత విలువ ఉండేదంటే, 1828లో బెంటింక్ కొన్ని స్థావరాలలోని సైనికాధికారులకు బత్తాను సగానికి తగ్గించినప్పుడు చెలరేగిన అసంతృప్తి ఆయన పాలన పొడుగునా వెంటాడింది.

ఈ వ్యుత్పత్తిని ముందుగా ప్రస్తావించడానికి కారణముంది. జీతం పనికి ప్రతిఫలం. బత్తెం ఇంటి అన్నానికి బదులు. ఇంట్లో ఉన్నవాడికి బత్తెం అక్కరలేదు. పొరుగూరు వెళ్ళినవాడికి ఎవరో ఒకరు అన్నం పెట్టాలి. ఆ వెళ్ళినవాడు వర్తకుడైతే ఎవరు పెట్టినా చిక్కులేదు. అతడు తీర్పరి అయితే మాత్రం పెట్టిన చేయి ఎవరిదన్నది వ్యవహారంలో భాగమైపోతుంది.

ఈ ఎరుక మనకు కొత్తగా వచ్చింది కాదు. రాగం వల్లగాని, లోభం వల్లగాని, భయం వల్లగాని ధర్మం తప్పి తీర్పు చెప్పిన సభ్యులలో ఒక్కొక్కరికీ వ్యాజ్యంలో ఓడినవానికి పడే దండానికి రెట్టింపు విధించాలని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించడంతో ఈ చింతన తెలుగు పద్యానికీ ఎక్కింది. అయితే స్మృతికారులు శిక్షను చెప్పారుగాని తీర్పరి భోజనవ్యయాన్ని ఎవరు భరించాలో అంత విడమరచలేదు. వారి ఊహలోని సభ రాజధానిలోనో ఊరిలోనో కుదురుగా కొలువుతీరేది. ఊరూరా తిరిగే న్యాయస్థానం వారి ఊహలో ప్రధానం కాదు.

ఇంగ్లండులో తిరిగే న్యాయమూర్తులు మొదటినుండీ ఉన్నారు. మూడవ ఎడ్వర్డు 1346లో న్యాయమూర్తుల కోసం వెలువరించిన శాసనం, తమ ఎదుట వ్యవహారం ఉన్నవారి నుండి కానుకలు పుచ్చుకోరాదని నిషేధిస్తూ ఒక్క మినహాయింపునిచ్చింది: తిండి, పానీయం పుచ్చుకోవచ్చు, అదీ స్వల్పవిలువ కలదై ఉండాలి. పూర్తిగా నిషేధిస్తే న్యాయమూర్తి పస్తుండాలి, పూర్తిగా వదిలేస్తే విందుతోనే తీర్పు కొనవచ్చు. ఈ ఇరకాటంలోంచే తరువాతి కాలపు విడిది ఏర్పాట్లు, భత్యాలు పుట్టుకొచ్చాయి. కంపెనీతోపాటు ఈ ఆలోచన మద్రాసు రాజధానికీ చేరింది.

చిత్తూరు నుండి బయలుదేరిన డేరాలు

1801లో కర్ణాటక నవాబు రాజ్యం కంపెనీ వశమైంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలు అందులోవే. మరుసటి ఏడు కారన్‌వాలిస్ బెంగాల్ పద్ధతిని అనుసరిస్తూ మద్రాసు ప్రభుత్వం వరుసగా శాసనాలు వెలువరించి జిల్లా కోర్టులను, వాటిపైన నాలుగు ప్రొవిన్షియల్ కోర్టులను ఏర్పరచింది. ఉత్తర విభాగానికి మచిలీపట్నం, దక్షిణానికి తిరుచిరాపల్లి, పశ్చిమానికి తలశ్శేరి, మధ్య విభాగానికి చిత్తూరు కేంద్రాలయ్యాయి. నేడు రాయలసీమ దక్షిణాగ్రంలో ఒక జిల్లా కేంద్రంగా మాత్రమే తెలిసిన చిత్తూరు, నలభై ఏళ్ళపాటు కడప, బళ్ళారి వంటి దూరప్రాంతాల అప్పీళ్ళకు గమ్యం. ఈ సంగతి స్థానిక చరిత్రలలో ఒక వాక్యానికి మించి చోటు చేసుకోకపోవడం విచారకరం.

ఈ ప్రొవిన్షియల్ కోర్టు న్యాయమూర్తులకు రెండు పనులు. చిత్తూరులో కూర్చొని సివిల్ అప్పీళ్ళు వినడం ఒకటి. వంతుల వారీగా జిల్లా కేంద్రాలకు వెళ్ళి, అక్కడి చెరసాలల్లో విచారణ కోసం ఎదురుచూస్తున్న ఘోరనేరాల నిందితులను విచారించడం రెండవది. ఈ రెండవ పనిలో అదే న్యాయస్థానం ‘సర్క్యూట్ కోర్టు’ అవుతుంది. ఈ పర్యటనలు ఏడాదికి రెండు. ఒక పర్యటన తప్పితే నిందితుడు చెరసాలలో మరో ఆరు నెలలు మగ్గాలి. కనుక న్యాయమూర్తి దారిఖర్చు, డేరా, బండ్లు సకాలంలో సమకూరడం అతని సుఖానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. కడప చెరసాలలోని మనిషి విడుదలో శిక్షో తేలే రోజు దానిమీద ఆధారపడి ఉండేది.

న్యాయమూర్తి ఒంటరిగా బయలుదేరడు. నేరవిచారణలో ఇస్లామీయ ధర్మశాస్త్రాన్ని అనుసరించి అభిప్రాయం చెప్పవలసిన ఖాజీ, ముఫ్తీ వెంట ఉండాలి. సిరస్తాదారు, మున్షీలు, బంట్రోతులు, వంటవాళ్ళు, డేరా మోసే కూలీలు, రికార్డుల పెట్టెలు మోసే ఎద్దులు. చిత్తూరు నుండి కడపకు రైలు లేని కాలం. కనుమలు దాటాలి, వానాకాలంలో ఏరులు దాటాలి. దారిలో పెద్ద ఊళ్ళు తక్కువ. అక్కడి సత్రాలు కులాచారాలను బట్టి నడిచేవి, వాటిలో దొరకు చోటు లేదు. మజిలీ మజిలీకి డేరా వేయడమే మార్గం.

ఆ కాలపు మజిలీలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి మనకు చక్కని తెలుగు ఆకరం ఒకటుంది. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. కోర్టు నుండి సెలవు పుచ్చుకొని 1830 మే 18న బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. తిరుపతి ఆయన తొలి మజిలీలలో ఒకటి. ఏ ఊళ్ళో నీరు మంచిది, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, ఎక్కడ సత్రం దిగడానికి వీలుగా ఉంది అన్నవి ఆయన ఊరూరా రాసుకుంటూ పోయాడు. ‘కాశీయాత్ర చరిత్ర’ను మనం తొలి యాత్రాచరిత్రగా పాఠం చెబుతాం. న్యాయస్థానంలో పనిచేసే మనిషి ఒకడు బస గురించి అంత శ్రద్ధగా రాయడం వెనుక వృత్తి నేర్పిన చూపు కూడా ఉందని గుర్తించం. ఆయన సొంత ఖర్చుతో, పెద్ద పరివారంతో వెళ్ళిన యాత్రికుడు, సర్క్యూట్ న్యాయమూర్తి సర్కారు పనిమీద వెళ్ళేవాడు. అయినా నీరు, నీడ, బియ్యం దొరికే చోట్లు ఇద్దరికీ అవే.

సరబరా ఎవరి నెత్తిన?

కంపెనీ సిద్ధాంతం స్పష్టంగానే ఉండేది. కానుకలు, నజరానాలు నిషిద్ధం. 1773 నాటి రెగ్యులేటింగ్ చట్టమే ఆ గీత గీసి, కలకత్తా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఏటా 8000 పౌండ్లు, తక్కిన న్యాయమూర్తులకు 6000 పౌండ్లు నిర్ణయించింది. జీతం దండిగా ఇచ్చి చేయి చాపే అవసరాన్ని తప్పించడం కారన్‌వాలిస్ విధానానికీ మూలం. కాబట్టి చిత్తూరు న్యాయమూర్తి ఏ పాళెగాడి ఇంట్లోనో, జమీందారు తోట బంగళాలోనో దిగరాదు. కాళహస్తి, కార్వేటినగరం సంస్థానాలవారు రేపు ఆ కోర్టుకే కక్షిదారులుగా రావచ్చు.

ఆచరణలో జరిగింది వేరు. డేరా దిగిన చోట పాలు, కట్టెలు, గడ్డి, కోళ్ళు, బండ్లు సమకూర్చే బాధ్యత తాసిల్దారు మీద, ఆయన నుండి కరణం, మునసబుల మీద, చివరికి రైతు మీద, పల్లెలోని వెట్టివాని మీద పడేది. దీనికి తెలుగులో ‘సరబరా’ అని పేరు. బజారు ధర చెల్లించాలన్నది నియమం. ఆ సొమ్ము దొర సంచిలోంచి బయలుదేరి గొల్లవాడి చేతికి చేరేలోగా ఎన్ని చేతులు మారేదో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఇది న్యాయమూర్తులకే పరిమితమైన జాడ్యం కాదు. కలెక్టర్ల, అటవీ అధికారుల మకాములలోనూ ఇదే తంతు. ఒక శతాబ్దం తరువాత, 1921లో పల్నాడు ప్రజలు అధికారులను సాంఘికంగా బహిష్కరించి సరుకులు ఇవ్వ నిరాకరించారంటే ఆ పోరాటం వెనుక ఎన్ని తరాల సరబరా ఉందో ఆలోచించాలి.

అంటే భత్యం న్యాయమూర్తిని పలుకుబడి గల కక్షిదారు విందు నుండి తప్పించింది. పలుకుబడి లేనివాడి మీద మోపిన బరువును మాత్రం తప్పించలేకపోయింది. చట్టం దృష్టిలో కానుక అంటే ఉన్నవాడు ఇష్టపడి ఇచ్చేదే. లేనివాడి దగ్గర లాక్కున్నది కానుక కాదు గనుక అది ఆ నిషేధం పరిధిలోకే రాలేదు.

ఇదే కోర్టులో బత్తెం మరో రూపంలోనూ కనిపిస్తుంది. సాక్షికిచ్చే దారిఖర్చును కూడా బత్తా అనే అంటారు. నేటికీ చిత్తూరు, తిరుపతి కోర్టు ఆవరణల్లో ‘బత్తా కట్టారా?’ అన్న ప్రశ్న రోజూ వినిపిస్తుంది. ప్రతివాదికి, సాక్షికి సమను పంపడానికి కక్షిదారు కట్టే ఖర్చు అది. సివిల్ ప్రక్రియా స్మృతి 16వ ఆర్డరు ప్రకారం సాక్షి ఖర్చులను అతన్ని పిలిపించే పక్షం ముందుగా కోర్టులో జమ చేయాలి. క్రిమినల్ కేసులలో సాక్షికి ప్రభుత్వమే ఖర్చులు చెల్లించేందుకు 1973 నాటి స్మృతిలోని 312వ సెక్షను వీలు కల్పించింది. ఒకే మాట, ఒకే గది. పీఠం మీది మనిషికి అది ఖజానా నుండి వస్తుంది, బోనులోని మనిషికి చాలాసార్లు ఎదుటివాడి జేబులోంచి వస్తుంది. మారుమూల పల్లె నుండి సాక్షులు, కక్షిదారులు పనులు మానుకొని జిల్లా కేంద్రానికి రావలసిన బాధను థామస్ మన్రో గట్టిగా ఎత్తిచూపాడు. 1816 సంస్కరణలతో గ్రామ మునసబులు, జిల్లా మునసబులు వచ్చి న్యాయం కొంత ఊరికి దగ్గరైంది. న్యాయమూర్తి ప్రయాణంకన్నా సాక్షి ప్రయాణం ఖరీదైనదని గ్రహించిన పాలకులలో మన్రో ముందువరుసలోనివాడు.

1843: రెండు ముగింపులు

1843 మా ప్రాంత చరిత్రలో విచిత్రమైన ఏడాది. ఆ ఏటి 7వ చట్టం ప్రొవిన్షియల్ కోర్టులను రద్దుచేసి, జిల్లాలలోనే సివిల్, సెషన్సు అధికారాలు గల న్యాయమూర్తులను కూర్చోబెట్టింది. చిత్తూరు డేరాలు కదలడం ఆగిపోయింది. అదే ఏడాది, 1801 నుండి తిరుమల ఆలయాన్ని కలెక్టరు ద్వారా నడిపిన కంపెనీ, ఆ బాధ్యతను హాథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు అప్పగించింది. ఈ రెంటినీ కలిపి చూసినవారు నాకు కనబడలేదు. కలిపి చూస్తే ఒక మార్పు స్పష్టమవుతుంది. అంతవరకు కోర్టుకూ కోవెలకూ యజమాని ఒక్కడే, కంపెనీ. 1821 నాటి బ్రూస్ కోడ్ ఆలయ నిర్వహణకు రాసిన సర్కారు నియమావళి. 1843 తరువాత న్యాయమూర్తి చిత్తూరులో స్థిరనివాసి అయ్యాడు, ఆలయ నిర్వాహకుడు అతని కోర్టు పరిధిలోనే కక్షిదారు కాగలిగిన స్థితికి వచ్చాడు. మహంతుల నిర్వహణకు ఒక పర్యవేక్షణ పథకం కావాలంటూ సాగిన వ్యాజ్యం మద్రాసు హైకోర్టు మీదుగా 1907లో ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్ళింది. 1933లో దేవస్థానం కమిటీ ఏర్పడేదాకా ఈ తగాదాలకు అంతులేదు.

ఆంగ్ల న్యాయమూర్తికి ఈ ఇరుగుపొరుగు వల్ల ప్రమాదం తక్కువ. 1870 దాకా ఐరోపీయులెవరూ తిరుమల కొండ ఎక్కలేదని ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ చెబుతుంది. ప్రసాదం పుచ్చుకొనే అవసరమూ, కొండమీద బస చేసే అవసరమూ అతనికి లేవు. 1878లో టి. ముత్తుస్వామి అయ్యర్ మద్రాసు హైకోర్టు పీఠాన్ని అధిష్ఠించాక పరిస్థితి మారింది. ఇకమీద న్యాయమూర్తి భక్తుడు కూడా కావచ్చు.

ఊరు మారిన న్యాయమూర్తులు

స్వాతంత్ర్యానంతరం ప్రశ్న మరో మలుపు తిరిగింది. కొన్నాళ్ళ పర్యటనకు బదులు బదిలీ వచ్చింది. తెలుగువారి హైకోర్టే మూడు ఊళ్ళు మారింది. 1954లో గుంటూరులో కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా మొదలై, 1956లో హైదరాబాదుకు తరలి, 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్‌కు వేరుగా అమరావతి కేంద్రంగా నడుస్తున్నది. ఆ తరలింపు ఉత్తర్వు వెలువడింది 2018 డిసెంబరు 26న. వారం తిరగకుండా న్యాయమూర్తులు, సిబ్బంది, న్యాయవాదులు కొత్త చోట పని మొదలుపెట్టవలసి వచ్చింది. (సుబ్బారావు తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలరు కూడా. ఈ సంగతి మా విద్యార్థులకే చాలామందికి తెలియదు.)

హైకోర్టు న్యాయమూర్తుల జీతభత్యాలకు రాజ్యాంగంలోని 221వ అధికరణం ఆధారం. నియామకం తరువాత వాటిని న్యాయమూర్తికి నష్టం కలిగేలా మార్చరాదు. ఆ వ్యయం రాష్ట్ర సంచితనిధిపై నేరుగా పడుతుంది, శాసనసభలో ఓటింగుకు రాదు. 1954 నాటి హైకోర్టు న్యాయమూర్తుల చట్టం విధినిర్వహణలో చేసే ప్రయాణాలకు అయిన ఖర్చును తిరిగి ఇవ్వాలంటుంది. అద్దెలేని అధికారిక నివాసం ఇవ్వాలి, దాన్ని వాడుకోని న్యాయమూర్తికి బదులుగా భత్యం చెల్లించాలి. 2018 సవరణతో ఆ భత్యం జీతంలో 24 శాతంగా నిర్ణయమైంది. అదే సవరణతో జీతం నెలకు 2,25,000 రూపాయలు, అతిథి సత్కార భత్యం 27,000 రూపాయలు అయ్యాయి. ఈ చివరి పద్దు ఆసక్తికరం. న్యాయమూర్తి అతిథిగా తినడాన్ని నిరుత్సాహపరచే వ్యవస్థ, అతడు ఆతిథేయిగా పెట్టడానికి డబ్బిస్తున్నది.

వీటన్నిటికంటే లోతైనది 222వ అధికరణం. ఒక హైకోర్టు నుండి మరో హైకోర్టుకు బదిలీ అయిన న్యాయమూర్తికి జీతానికి అదనంగా పరిహార భత్యం ఇవ్వాలని అది చెబుతుంది. ఈ ఉపనిబంధనను 1956లో ఏడవ సవరణ తొలగించగా, 1963లో పదిహేనవ సవరణ తిరిగి చేర్చింది. అత్యవసర పరిస్థితి కాలంలో దాని అర్థం తెలిసివచ్చింది. 1976లో పదహారుమంది హైకోర్టు న్యాయమూర్తులు బదిలీ అయ్యారు. గుజరాత్ హైకోర్టు న్యాయమూర్తి సంకల్‌చంద్ సేఠ్‌ను ఆంధ్రప్రదేశ్‌కు పంపారు. మన ఓ. చిన్నపరెడ్డిని పంజాబ్, హర్యానా హైకోర్టుకు పంపారు. సేఠ్ హైదరాబాదులో బాధ్యతలు స్వీకరించి, తన బదిలీని న్యాయస్థానంలోనే ప్రశ్నించారు. 1977 సెప్టెంబరు 19న సుప్రీంకోర్టు ధర్మాసనంలో అధికసంఖ్యాకులు, న్యాయమూర్తి అంగీకారం లేకుండా కూడా బదిలీ చేయవచ్చునని, అయితే అది ప్రజాప్రయోజనం కోసమే, అర్థవంతమైన సంప్రదింపుల తరువాతే జరగాలని తీర్పునిచ్చారు. కొత్త ప్రభుత్వం ఆయన్ను గుజరాత్‌కు తిరిగి పంపేందుకు అంగీకరించింది.

పరిహారం అన్న మాటను గమనించాలి. నష్టం ఉన్నచోటనే పరిహారం ఉంటుంది. ఇల్లు, పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రులు, తెలిసిన భాష, వీటిని వదులుకోవడం నష్టమేనని రాజ్యాంగమే ఒప్పుకొన్నది. కాని చిత్తూరు సర్క్యూట్ న్యాయమూర్తికిచ్చిన దారిఖర్చుకూ దీనికీ తేడా ఉంది. అది అతన్ని స్థానిక కక్షిదారు నుండి కాపాడటానికి. ఇక్కడ అతన్ని ఇబ్బంది పెట్టగలిగింది ప్రభుత్వమే, భత్యమిచ్చేదీ ప్రభుత్వమే. శిక్షగా వాడిన బదిలీకి నెలనెలా కొంత సొమ్ము పరిహారమవుతుందని సేఠ్ నమ్మలేదు. ఆయన అడిగింది ఎక్కువ భత్యాన్ని కాదు.

కింది కోర్టుల సంగతి ఆలస్యంగా తెమిలింది. జిల్లా, మునసబు న్యాయాధికారులకు అద్దె ఇల్లు వెదుక్కోవడమే పెద్ద పరీక్ష. చిన్న పట్టణంలో ఇల్లు అద్దెకివ్వగలవాడే తరచు కోర్టుకెక్కేవాడు కూడా. అఖిల భారత న్యాయమూర్తుల సంఘం వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో ప్రతి న్యాయాధికారికీ 1992 చివరిలోగా నివాసవసతి కల్పించాలని ఆదేశించింది. తెలుగువారైన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి అధ్యక్షతన రెండవ జాతీయ న్యాయ వేతన సంఘం సూచించిన ఇంటి అద్దె తదితర భత్యాల అమలుకు మళ్ళీ సుప్రీంకోర్టే 2024 జనవరిలో ఆదేశాలివ్వవలసి వచ్చింది. రెండు ఆదేశాల మధ్య ముప్పై రెండేళ్ళు.

కొండమీది విడిది

తిరుమలలో బస, భోజనం పురాతన వ్యవస్థలు. ప్రసాదంలో నాలుగోవంతు దాతకు చెందేది, దాన్ని శాసనాలు ‘విట్టవన్ విళుక్కాడు’ అన్నాయి. 15వ శతాబ్దిలో సాళువ నరసింహుడు నెలకొల్పి, కందాడై రామానుజయ్యంగారికి అప్పగించిన రామానుజకూటాలు యాత్రికులకు అన్నం పెట్టాయి. దాతలు తమ వాటాను అలాంటి కూటాలకు ధారపోయడం శాసనాలలో తరచు కనిపిస్తుంది. నేడు కాటేజీలకు విరాళమిచ్చిన దాతలకు ఏటా కొన్ని రోజుల బసకు హక్కు ఉండటం ఆ పాత వాటాకే ఆధునిక రూపంగా తోస్తుంది. ఇవన్నీ ఇంటికి దూరమైనవాడికి దేవుడి పేరిట అన్నం పెట్టే ఏర్పాట్లు. వచ్చినవాడి వృత్తి ఏమిటని అవి అడగవు.

1944లో ఘాట్ రోడ్డు తెరుచుకున్నాక అధికారుల రాక సులభమైంది. వారితోపాటు ‘ప్రొటోకాల్’ వచ్చింది. దర్శనానికి వచ్చే న్యాయమూర్తిని రేణిగుంట విమానాశ్రయంలో ఎదుర్కొనడం, వాహనం, గది, దర్శనం, తిరుగు ప్రయాణం చూసుకోవడం కోర్టు సిబ్బందికి, దేవస్థానం సిబ్బందికి ఒక పనిగా మారింది. పాత సరబరాకూ దీనికీ పోలిక చెప్పడం కొందరికి నచ్చకపోవచ్చు. వెట్టి లేదు, బలవంతం లేదు, నిజమే. కాని పని దినాన కోర్టులో ఉండవలసిన ఉద్యోగి కొండ దారిలో ఉంటే ఆ రోజు వాయిదాకు వచ్చిన కక్షిదారు నష్టపోయేది మాత్రం నిజం.

న్యాయపరంగా విషయం అస్పష్టమేమీ కాదు. 1954 చట్టం తిరిగి ఇచ్చేది విధినిర్వహణ ప్రయాణ ఖర్చునే. తీర్థయాత్ర విధినిర్వహణ కాదు. సుప్రీంకోర్టు 1997 మే 7న ఆమోదించిన న్యాయజీవన విలువల పత్రం, కుటుంబసభ్యులు, దగ్గరి బంధువులు, స్నేహితుల నుండి తప్ప ఇతరుల నుండి కానుకలుగాని ఆతిథ్యంగాని న్యాయమూర్తి స్వీకరించరాదంటుంది. 1346 నాటి ‘స్వల్పవిలువ గల తిండి’ మినహాయింపు కూడా అందులో లేదు. దేవస్థానమో, మరే సంస్థకైనా చెందిన అతిథిగృహమో ఈ జాబితాలోకి ఎలా వస్తుంది? ఆలయాల వ్యవహారాలు హైకోర్టు ముందు లేని కాలం అరుదు. దేవుడి దగ్గరకు వెళ్ళే హక్కు ఏ భక్తునికైనా ఉన్నట్లే న్యాయమూర్తికీ ఉంది. దానిమీద ఎవరికీ ఆక్షేపణ లేదు. ఇక్కడ ప్రశ్న గది గురించి, ఆ గదికి చెల్లించిన అద్దె గురించి. భక్తులు అద్దె కట్టి తీసుకునే గదికి రసీదు ఉంటుంది. న్యాయమూర్తి దిగిన గదికీ అదే అద్దె, ఆయన పేరునే రసీదు ఉంటే, చిత్తూరు డేరాల కాలంలో పాల డబ్బు గొల్లకు ముట్టిందా లేదా అని అడగవలసి వచ్చిన అనుమానం ఈ గది విషయంలో తలెత్తదు.